రెండు రూపాయల వార్తకు గుత్త బేరం

(పద్నాలుగో భాగం)

పోయిన వారం పద్దు మూసిన చోట నిలువ ఇలా ఉంది. నా మేనకోడలు తేజస్విని మా దుకాణం పైగదిలో కూర్చుని వరంగల్ వార్తలు రాసి తన వెబ్‌సైటులో పెడుతోంది. గది నాది, కరెంటు నాది, తెలివి తనది. ఏడాది చందా తొమ్మిది వందల తొంభై తొమ్మిది అని పెడితే ముప్ఫై ఏడుగురు కట్టారు. అందులో పదకొండుగురు మా చుట్టాలు, నలుగురు కట్టి మళ్ళీ వాపసు అడిగినవాళ్ళు. చందా తీసేసి, చదివాక నచ్చినంత ఇవ్వండి అన్నాం. వారంలో ఆరు రూపాయలూ, దండం పెట్టే బొమ్మలు రెండు వందల పద్నాలుగూ వచ్చాయి. రోజు టికెట్టు పెట్టి చూశాం. ఒకాయన అయిదు రూపాయలకు కొని కాలనీ పార్కులో కూర్చుని అందరికీ చదివి వినిపించాడు.

అప్పుడు నేను కలగజేసుకున్నాను. ఏడాది టీకి ముందే డబ్బు కట్టమంటే ఎవడు కడతాడు, కప్పుకు ఇంత అని చెప్పు అన్నాను. వార్తకు రెండు రూపాయలు. మొదటి నాలుగు లైన్లు ఉచితం, జంపఖానా మూల మడత విప్పి చూపించినట్టు. ఈ నెలాఖరుకు మూడు వేల వార్తలు అమ్ముడైతే గది తనదే, అద్దె అడగను. కాకపోతే ఖాళీ చేసి, హైదరాబాదులో సబ్బుల ప్రకటనలు రాసే ఉద్యోగంలో చేరాలి. ఇదీ ఒప్పందం.

ఇక నా సంగతి. పేరు సుదర్శన్. కొత్తవాడ మగ్గాల మీద నేసిన జంపఖానాలు కొని అమ్మడం మా ఇంట్లో మూడు తరాల పని. మొన్న దసరా ముందు, హన్మకొండలో కొత్తగా తెరిచిన హోటలుకు రెండు వందల జంపఖానాలు కావలసి వచ్చాయి. ఎదురు దుకాణం ఓంకార్, అంటే నా భార్య తమ్ముడు, ఆ ఆర్డరును నోటి దాకా తెచ్చుకున్నాడు. నేను దాన్ని లాక్కుని ఇరవై రోజుల్లో సరుకు దింపాను. ఎలా దింపావని ఎవరూ అడగలేదు. సమయానికి ఇచ్చినవాడిని ఎవరూ అడగరు. ఇంకో సంగతి, మా దుకాణంలో పాత బిల్లు పారేయం. కాగితానికి రెండు వైపులుంటాయి. వెనకవైపు ఖాళీగా ఉంటే నేతగాళ్ళకు ఇచ్చే నూలు తూకం చీటీ దాని మీదే రాస్తాను. ఏడాదికి పదకొండు వందలు మిగులు.

వార్తల అమ్మకంలో కూడా నాది ఒక చెయ్యి పడింది. ప్రతి వార్త కింద 'ఇంక 500 ప్రతులే ఉన్నాయి' అని రాయించాను. ఎవరైనా కొన్నప్పుడల్లా అంకె ఒకటి తగ్గుతుంది. సున్నాకు వస్తే 'కొత్త లాటు వచ్చింది' అని మళ్ళీ అయిదు వందలు.

తేజస్విని మొదట ఒప్పుకోలేదు. "మామా, వార్తకు స్టాకు ఉంటదా? గిది అబద్ధం గాదా?"

"అబద్ధం గాదు బిడ్డా, యాపారం. ఆఖరి పీసు అంటెనే చెయ్యి జేబులకు పోతది."

గది నాది కాబట్టి ఒప్పుకుంది. దాని ఖరీదు ఎంతో ఈ వారం తెలిసింది.

ఇరవై తొమ్మిదో తారీఖు పొద్దున షట్టరు ఎత్తేసరికి లెక్క రెండు వేల నూట తొంభై. కావలసింది ఇంకా ఎనిమిది వందల పది. చేతిలో ఉన్నది రెండు రోజులు. తేజస్విని టీ గ్లాసుతో మెట్లు దిగి వచ్చింది. రాత్రంతా మేలుకున్న కళ్ళు.

"మామా, ఇయ్యాల పెద్దది పెట్టిన. మిల్లు జంపఖానాలకు చేనేత చీటీ కుట్టి అమ్ముతాండ్రట. సమ్మయ్య తాత చెప్పిండు."

సమ్మయ్య కొత్తవాడ నేతగాడు. ఇరవై ఆరేళ్ళుగా మాకే నేస్తున్నాడు.

"సమ్మయ్య నీతోని మాట్లాడుతాండా? నన్ను జూసి నవ్వక రెండు నెలలైంది."

"ఎందుకు నవ్వడు?"

"కూలి పెంచుమన్నడు. సూద్దామన్న."

"సూసినవా?"

"సూస్తాన."

ఆమె టీ తాగింది. "దుకాణం పేరు మాత్రం చెప్పలే మామా. నువ్వు అడగకు బిడ్డా, నేను చెప్ప, కాగితమే చెప్తది అన్నడు. రేపు తెస్తడట. అందుకే కింద 'పేరు రేపటి భాగంలో' అని రాసిన."

"మంచి పని జేసినవ్. మంచి పీసు ఎప్పుడన్న లోపల్నే పెట్టుకోవాలె."

చదువుతావా అని ఫోను చాపింది. వద్దన్నాను. మిఠాయి దుకాణం వాడు లడ్డూ తినడు. పైగా ఇంట్లోవాళ్ళు ఉచితంగా తీసుకుంటే సరుకుకు విలువ పోతుంది.

పదిగంటలకు డబ్బా మొదలుపెట్టింది. డబ్బా అంటే, గల్లా పక్కన ఉండే మాట్లాడే డబ్బా. ఫోనులో ఎవరైనా డబ్బు పంపితే పైకి చెబుతుంది. తేజస్వినికి వేరే ఖాతా తెరవలేదు, మా దుకాణం ఖాతానే వాడుతోంది. కాబట్టి వరంగల్లో ఎవడు వార్త కొన్నా మా దుకాణంలో వినబడుతుంది.

"రెండు రూపాయలు అందాయి."

రోజూ గంటకు నాలుగైదుసార్లు అనేది. ఆ రోజు ఊపిరి తీసుకోలేదు. ఒకటి పూర్తికాక ముందే ఇంకొకటి. అప్పుడే స్టేషన్ ఘన్‌పూర్ నుంచి భార్యాభర్తలు పెళ్ళికి జంపఖానా కొనడానికి వచ్చి కూర్చున్నారు. నేను ఎర్ర అంచుది పరిచి పద్దెనిమిది వందలు చెప్పాను.

"రెండు రూపాయలు అందాయి. రెండు రూపాయలు అందాయి."

ఆమె డబ్బా వైపు చూసింది. "సేటూ, రెండు రూపాయలకు ఏమమ్ముతాన్రు?"

"అది వేరే అమ్మా. వార్తలు."

"వార్తలు కొంటరా ఎవరన్న?" భర్త వైపు తిరిగింది. "మనకు పద్దెనిమిది వందల మాల్ పరుస్తాండు. రెండు రూపాయలది వెనక పెట్టిండు."

"నిజంగ వార్తలేనమ్మా."

"అయితె గంతమంది రెండేసి రూపాయలిచ్చి చదువుతాన్రంటె నీకు మస్తు ఆమ్దానీ. మాకు తగ్గించు."

నూట యాభై తగ్గించాను. నూట యాభై అంటే డెబ్బై అయిదు వార్తలు. మేనకోడలు సంపాదించేది మేనమామ పోగొట్టుకుంటున్నాడు.

ఒంటిగంటకు డబ్బా ఆగిపోయింది. తేజస్విని రెండు మెట్లకు ఒక అడుగు వేస్తూ దిగింది.

"మామా, అయిదు వందలు అయిపోయినయ్. కొత్త లాటు పడ్డది. ఎక్కువ అమ్ముడైన వార్త పైకి పోతది గద, అది ఫస్టుకొచ్చి కూసున్నది."

లెక్క వేశాను. రెండు వేల ఆరు వందల తొంభై. ఇంకా మూడు వందల పది. నాకు సంతోషమూ వేసింది, అద్దె పోతున్నదన్న బాధా వేసింది. రెండూ కలిపితే ఎంతో తేల్చేలోపు ఎదురు దుకాణంలోంచి ఓంకార్ రోడ్డు దాటి వచ్చాడు. రెండు చేతుల్లో మూడు ఫోన్లు. వెనకాల అతని గుమాస్తాలిద్దరు, బొటనవేళ్ళు విదిలించుకుంటూ.

"బావా, నీ దుకాణంల న్యాయం ఉన్నదా?"

"ఎంత కావాలె?" అన్నాను.

"పరాచికాలు వద్దు. నీ కోడలు వార్త స్టాకు అయిదు వందలని రాసింది. అరవై మూడు ఎవరో కొనుక్కపోయిన్రు. మిగిలిన నాలుగు వందల ముప్ఫై ఏడు నేను కొన్న. ముగ్గురం మూడు గంటలు కూసుండి ఒక్కొక్కటి కొన్నం. ఖాళీ అయింది. ఇగ ఎవడు చదువుతడు అని టీ జెప్పిన. టీ వచ్చేలోపు కొత్త లాటట. ఇదేం మోసం?"

తేజస్విని తన ఫోనులో లెక్క చూసుకుంది. నాకు లోపలినుంచి ఒకటి పొంగుకొచ్చింది కానీ మింగాను.

నవ్వు కాదు, గౌరవం. మిర్చి అయినా పత్తి అయినా, బజారులో కనబడకూడదనుకుంటే చేసే పని అదే, ఉన్నదంతా కొనేయడం. ఓంకార్ తాత అలాగే చేసేవాడు. సరుకు కాకుండా వార్త కావడమే ఇక్కడ తేడా.

"కాకా," అంది తేజస్విని మెల్లగా, "'మరొకరి కోసం కొను' అనేది నొక్కినవా?"

"గదే నొక్కినం. నాకే కొంటె ఒక్కటే ఇస్తాంది."

"అయితె నీ దగ్గర నాలుగు వందల ముప్ఫై ఏడు లింకులున్నయ్. ఎవ్వరికి పంపలే."

"ఎందుకు పంపుత? గోదాంల పెట్టిన."

"గోదాంల ఉన్నా లేకున్నా ఒకటే కాకా. నువ్వు కొన్నకొద్ది వార్త పైకి పోయింది. పొద్దున పదకొండోది. ఇప్పుడు ఫస్టు."

ఓంకార్ కూర్చున్నాడు. గుమాస్తాలు కూడా కూర్చున్నారు. ఎనిమిది వందల డెబ్బై నాలుగు రూపాయలు ఖర్చు పెట్టి తన గుట్టుకు తానే చాటింపు వేయించుకున్నానని అతనికి అర్థమైనట్టు ముఖంలో కనిపించింది.

"కాకా, అసలు ఎందుకు కొన్నవ్?"

"ఎందుకేంది? నా గురించి రాసి నన్నే అడుగుతానవా?" ఫోను తీసి ఉచితంగా కనబడే నాలుగు లైన్లు చదివాడు. "నీలం షట్టరు దుకాణం. మూడు తరాల పేరు. గోడ మీద తాత ఫోటో. దానికి ప్లాస్టిక్ దండ. ఇగ నా పేరొక్కటే తక్కువ."

ఇక్కడ ఒక పద్దు రాయాలి. మా షట్టరు కూడా నీలమే. కిందటేడు ఇద్దరం కలిపి రంగు కొంటే డబ్బాకు నలభై తగ్గింది. దండలు కూడా డజను లెక్కనే వచ్చాయి. ఆ క్షణంలో నాకు ఆ నలభయ్యీ గుర్తుకొచ్చింది, దండలూ గుర్తుకొచ్చాయి. అంతకుమించి గుర్తు తెచ్చుకోలేదు.

ఓంకార్ గొంతు తగ్గించాడు. "ఇగ చిల్లర బేరం వద్దు బిడ్డా. గుత్త మాట్లాడు. యాభై వేలు. వార్త తీసెయ్. రేపటి భాగం రాయకు."

రెండు రూపాయల సరుకుకు యాభై వేలు. నలభై ఏళ్ళలో అంత లాభం నేను చూడలేదు. ఇరవై అయిదు వేల వార్తల డబ్బు, ఒక్కటి కూడా చదివించకుండా. ఒప్పందంలో 'అమ్ముడైతే' అనే ఉంది, 'చదివితే' అని లేదు. నేను తేజస్విని వైపు చూసి, కనురెప్పతో ఒప్పుకోమన్నాను.

"కాకా," అంది ఆమె, "చదివినందుకు పైసలు తీసుకుంట. చదవనియ్యకుండ ఉండేటందుకు తీసుకోను. నీ ఎనిమిది వందల డెబ్బై నాలుగు కూడ వాపసు పంపుత."

"వాపసా?" అన్నాను. మాట నాది, గొంతు నాది కాదు. "బిడ్డా, అవి తీసేస్తే లెక్క రెండు వేల రెండు వందల యాభై మూడుకు వస్తది. ఏడు వందల నలభై ఏడు తక్కువ. రేపు ఆఖరి రోజు."

"నాకు తెలుసు మామా."

"సబ్బులు రాస్తవా?"

"రాస్త. సబ్బన్న ఎవరో ఒకరు వాడుతరు."

అప్పుడే నా భార్య సుగుణ టిఫిన్ క్యారియర్‌తో వచ్చింది. తమ్ముడినీ, మూడు ఫోన్లనూ, ఇద్దరు గుమాస్తాల బొటనవేళ్ళనూ చూసి సంగతి అడిగింది. తేజస్విని చెప్పింది.

"తమ్మీ, నాలుగు వందల ముప్ఫై ఏడు కొన్నవ్. ఒక్కటన్న చదివినవా?" అంది సుగుణ.

"కొన్న సరుకంత తినుకుంట కూసుంటరా అక్కా?"

"బడిల గూడ అంతే. పుస్తకాలు మంచిగ కొన్నడు." గిన్నెలు విప్పుతూ అంది. "నీ గురించి ఏం రాసిన్రో చూసుకోకుండనే యాభై వేలిస్తనంటానవ్. ముందు చదువు."

తేజస్విని అతని ఫోనులో ఒక లింకు విప్పి ఇచ్చింది. "చదువు కాకా. ఈ ఒక్కటి పట్టుకొని మిగిలినవి వాపసు పంపుత, ఎనిమిది వందల డెబ్బై రెండు." లెక్క సరిగ్గా చేసింది, మా రక్తం. పైసలు పంపడానికి పైకి వెళ్ళింది. గుమాస్తాలు టీకి వెళ్ళారు.

ఓంకార్ వేలు కింద పెట్టి, మాట మాట కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాడు. నేను అన్నం కలుపుకున్నాను. పచ్చిపులుసు బాగుంది.

"దసరాకు ముందు ఈ దుకాణానికి ఒక హోటలు నుంచి రెండు వందల జంపఖానాల ఆర్డరు వచ్చింది."

నా చెయ్యి కంచంలో ఆగింది.

"గడువు ఇరవై రోజులు. ఆ ఇరవై రోజుల్లో ఆ దుకాణం కోసం కొత్తవాడ మగ్గాల మీద దిగినవి నూట నలభై. హోటలుకు చేరినవి రెండు వందలు. అన్నిటికీ చేనేత చీటీ ఉంది. మిగతా అరవై ఏ మగ్గం మీద పుట్టాయి?"

ఓంకార్ మళ్ళీ మొదటికి వెళ్ళి చదివాడు. రెండు వందలు అన్నాడు. హోటలు అన్నాడు. తల ఎత్తాడు. పొద్దుటి నుంచి నెత్తిన ఉన్న మూట ఎవరో దించినట్టు ముఖం వికసించింది.

"బావా, నాకు రెండు వందల ఆర్డరు ఎన్నడన్న వచ్చిందా?"

నేను పచ్చిపులుసు గిన్నె దగ్గరికి జరుపుకున్నాను.

"రాలే. రాబోయింది. నువ్వు గుంజుకున్నవ్."

సుగుణ విప్పిన గిన్నెలు మళ్ళీ ఒకదాని మీద ఒకటి పెట్టి మూసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ సంసారంలో ఆ చప్పుడు మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ నష్టమే.

"సమయానికి ఇయ్యాలె గద," అన్నాను. "అరవై తక్కువైనయ్. హోటలోనికి తేడా తెల్వది. అది మోసం గాదు, యాపా..."

ఆ మాట ఈ మధ్యనే ఎక్కడో అన్నట్టు గుర్తొచ్చి ఆగాను.

ఓంకార్ దిండు మీదికి జారగిలబడ్డాడు, పెళ్ళిలో వరుడి తరఫువాడిలా. "జర టీ జెప్పు బావా. ఫికర్ జెయ్యకు, నేనెవరికి జెప్ప. గాని యాభై వేలు ఇప్పుడు ఎవరియ్యాలె, ఎవరికియ్యాలె, జర లెక్క చూసి చెప్పు. లెక్కల నువ్వే గట్టి."

లెక్క చూశాను. పేరు తేజస్వినికి తెలియదు; సమ్మయ్య చెప్పిన గుర్తులు చెప్పినట్టే రాసుకుంది, హోటలు ఆర్డరు సంగతి నేను పైగది దాకా పోనివ్వలేదు. తెలిసినవాళ్ళు ఓంకార్, సుగుణ, నేను. ముగ్గురమూ ఒకే ఇంటి మనుషులం. రేపు సమ్మయ్య కాగితం తెస్తాడట. ఆ అరవైకి మిల్లువాడిచ్చిన బిల్లు నేను ఎవరికీ ఇవ్వలేదు, ఎవరికీ చూపలేదు. దుకాణంలోంచి బయటికి పోయే దారి లేదు. సమ్మయ్య దగ్గర ఉండే కాగితాలేవంటే, ఇరవై ఆరేళ్ళుగా నేనిచ్చిన నూలు చీటీలే.

నూలు చీటీలు.

"రెండు రూపాయలు అందాయి," అంది డబ్బా. తర్వాత ఇంకొకటి. ఇంకొకటి. ఈసారి ఓంకార్ ఫోన్లు మూడూ చాప మీదే ఉన్నాయి. పైకెక్కిన వార్తను నిజంగా చదివేవాళ్ళు కొంటున్నారు. ఈ లెక్కన పేరుతో రేపటి భాగం వస్తే తక్కువ పడ్డ ఏడు వందల చిల్లర మధ్యాహ్నానికే అయిపోతాయి. పిల్లకు గది దక్కుతుంది. నా పేరు రెండు రూపాయలకు ఒకటి చొప్పున అమ్ముడుపోతుంది.

మెట్టు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు. సమ్మయ్య. భుజాన తువ్వాల, చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం. బయటికి కనబడుతున్న మడత మీద నా చేతిరాత: 'నూలు 12 కిలోలు, సమ్మయ్య'. వెనక్కి తిప్పితే ఏముంటుందో నాకు తెలుసు. ఏడాదికి పదకొండు వందల మిగులు.

రెండు నెలల తర్వాత మొదటిసారి నన్ను చూసి నవ్వాడు.

"బిడ్డ పైన ఉన్నదా సేటూ? రేపు తెస్తనన్న గాని, రేపు ఏటూరునాగారం పోయేదున్నది. ఇయ్యాల్నే ఇచ్చిపోదామని వచ్చిన."

ఉన్నదంటే ఒక ఖర్చు. లేదంటే ఇంకొకటి. రెండింటిలో ఏది తక్కువో తూచుకునేలోపు పైనుంచి తేజస్విని గొంతు వచ్చింది.

"మామా, కింద ఎవరొచ్చిండ్రు?"

ఓంకార్ నా వైపు చూశాడు. సమ్మయ్య చూశాడు. సుగుణ చూడలేదు.

"రెండు రూపాయలు అందాయి," అంది డబ్బా.

నలభై ఏళ్ళ వ్యాపారంలో మొదటిసారి, ధర తెలియకుండా నోరు తెరిచాను.